ఎద్దుకు పండ్లు, ఆంప్లిఫయర్‌కు ఓములు



క్రిస్మస్‌కు నెల ముందు సోమలలోని మా యౌవనస్థులు వచ్చి, "అయ్యగారూ, బేస్ గిటారు ఉంది గాని ఆంప్లిఫయర్ లేదు. బెంగుళూరులో పాతది చవకగా ఉందంట" అన్నారు. టమాట కోతకు వెళ్లే సహోదరీలు, డెయిరీకి పాలు పోసే తల్లులు వేసిన కానుకలతో దానిని కొన్నాము. స్పీకరు పెట్టెలు రెండు మందిరములోనే ఉన్నవి గదా, చాలునని మేమే ధైర్యము చెప్పితిమి.

పండుగ ఆరాధనలో మూడవ పాటకే కాలిన వాసన వచ్చి శబ్దము ఆగిపోయింది. మదనపల్లెలో మెకానిక్ విప్పి చూచి, "వస్తువు మంచిదే సార్, జోడు కుదరలేదు" అన్నాడు.

ఆంప్లిఫయర్ వెనుక ‘కనీసము 4 ఓములు’ అని వ్రాసియుంది. మా పెట్టెలు ఒక్కొక్కటి 4 ఓములు. రెంటిని ప్యారలల్‌గా కలిపితే 2 ఓములే అవుతుంది. ఓములు తగ్గేకొద్ది కరెంటు ఎక్కువగా లాగి లోపలి ట్రాన్సిస్టర్లు కాలిపోతాయి. అవే 8 ఓముల పెట్టెలైతే రెండూ కలిసి 4 ఓములై సరిపోయి ఉండేవి.

ఆదివారము సంఘము ఎదుట తప్పు మాదేనని ఒప్పుకొని, మరమ్మతు ఖర్చు మా జీతములో నుండి ఇచ్చాము. కూడిక ముగిసిన తరువాత ఒక పెద్దమ్మ దగ్గరకు వచ్చి, "ఎద్దును కొనేటప్పుడు పండ్లు సూస్తాము గదయ్యా, దీనికి యాడ సూడాలో ముందే అడగకూడదా?" అన్నది. మాకు సిగ్గు కలిగింది.

కనుక కొనబోవు సంఘములకు మా మనవి. మొదట వెనుక ఉన్న ఓములు, వాట్లు చదవండి. పెట్టె వాట్లు ఆంప్లిఫయర్ వాట్లకు తక్కువ కాకూడదు. బేస్ గిటారు లావు తీగ సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది. అంత మంద్రస్వరమును మైకుసెట్టు హారన్ పలికించలేదు. మామూలు గిటారు పెట్టెలోని స్పీకరు ఆ దెబ్బకు చెడిపోవచ్చును. బేస్ కొరకు చేసిన 12 లేక 15 అంగుళముల స్పీకరే అడగండి. మీ గిటారునే తీసికొనిపోయి అరగంట వాయించి, బటన్లన్నీ త్రిప్పి, గరగర, వేడి, వాసన ఉన్నవేమో గమనించండి. పెట్టెకు గిటారు తీగ పెట్టక లావు స్పీకరు వైరే వాడండి. వాల్వుల ఆంప్లిఫయర్ అయితే స్పీకరు తగిలించకుండా ఎన్నడూ ఆన్ చేయవద్దు.

ఎద్దును గాడిదను జతచేసి దున్నకూడదని ద్వితీయోపదేశకాండము 22:10లో ఉన్నది. గాడిద చెడ్డదని కాదు, రెంటి నడక ఒకటి కాదు. కాడి కట్టకముందే జత చూచుకొందము. ఆ కానుకల వెనుక ఎవరి చెమట ఉన్నదో మనకు తెలుసు గదా!