మనుమలకొక పాదు

సున్నపురాతి నేలగల మేళ్లచెరువున మధ్యాహ్నపుటెండ దుస్సహము. కావున సభ్యులారా, సెలవులకు వచ్చిన మనుమలకును మనుమరాండ్రకును పెరటిలో నొక్కొక్క పాదు నొసంగి, ఉదయసాయంకాలములందు వారిచేతనే నీరు పోయింపుడు. నిరుడు తీగపైననే యెండిన సొరకాయను మధ్యాహ్నము అరుగుమీద వారిచే తొలిపించి, ఆ బుఱ్ఱలో బూడిద కలిపిన విత్తనములను దాచింపుడు.

మేము ఊరూర విత్తనశుద్ధిని బోధించితిమి గాని, మా బిడ్డలను పుస్తకములకే కట్టివేసితిమి. నేడు వారికి బీరగింజకును దోసగింజకును భేదము తెలియదు. ఈ తప్పు మనుమల యెడల జరుగరాదు.

పెద్దలకొక మనవి: పిల్లల పాదును మీరు సవరింపకుడు. ఒక మొక్క వాడిననేమి? నీరు మఱచిన దినమును వారు మఱవరు.

మృగశిరకార్తె ప్రవేశించుటయు, బడులు తెఱచుటయు జూన్ నెలలో ఇంచుమించు నొక్క వారముననే వచ్చును. బుఱ్ఱలోని గింజను నాటించియే పిల్లలను బడికి బంపుడు. కాయను చూచుటకైనను దసరాకు మరల వత్తురు.