ఎర్రచుక్కయు గురియు

బొమ్మతుపాకికి గురి కుదుర్చుట యేమి, దానిని గూర్చి పత్రికలో వ్రాయుట యేమి యని కొందరు నవ్వవచ్చును. ద్రోణాచార్యుడు శిష్యులను పరీక్షించుటకై చెట్టుకొమ్మపై నిలిపిన పక్షి ప్రాణమున్న పక్షి కాదు. శిల్పులచేత చేయించిన బొమ్మ. బొమ్మయే కదా యని అర్జునుడు గురి సడలింపలేదు. ఎయిర్‌సాఫ్ట్ అను ఆటను గూర్చి మేమీ నాలుగు మాటలు వ్రాయుటకు ఆ బొమ్మపక్షియే మాకు ప్రమాణము.

ఈ ఆట జపానుదేశమున 1970 తరువాత పుట్టినది. పౌరులకు నిజమైన తుపాకులు దాదాపు నిషిద్ధములైన ఆ దేశమున, చూపునకు తుపాకివలె నుండి ఆరు మిల్లీమీటర్ల ప్లాస్టిక్కు గుండ్లను విసరు యంత్రములను నిర్మించిరి. 1991లో టోక్యో మారుయి సంస్థ విద్యుత్తుతో నడచు తుపాకిని అంగళ్లకు తెచ్చిన పిమ్మట ఆట దేశదేశములకు ప్రాకెను. నిషేధమును నిందించుచు కూర్చుండక, దాని హద్దులలోనే యొక పరిశ్రమను నిలుపుకొనిన జాతి అది. మనమో, అట్టి వస్తువులను కొనుట మాత్రము నేర్చితిమి.

ఇపుడా తుపాకిపై ఎర్రచుక్క దర్శినిని, అనగా రెడ్‌డాట్‌ను, బిగించుట వాడుకయైనది. దీని సూత్రము క్రొత్తది కాదు. డబ్లిన్ నగరమున దూరదర్శినులను నిర్మించిన హోవర్డు గ్రబ్ 1900లో దానిని వెల్లడించెను. 1970 తరువాత స్వీడనుదేశపు ఎయిమ్‌పాయింట్ సంస్థవారు చిన్న విద్యుద్దీపమును చేర్చి దానిని చేతితుపాకులకు అనువుపరచిరి. దీపపు వెలుగు వంపుగల కటకముపై పడి, సమాంతర కిరణములై కంటికి తిరిగివచ్చును. అందుచేత చుక్క కటకముమీద గాక దూరమున లక్ష్యముమీదనే యున్నట్లు తోచును. తల కొంచెము కదలినను అది లక్ష్యమును పెద్దగా వీడదు.

ఇచ్చటనే భ్రమ పుట్టుచున్నది. చుక్క యున్నచోటికి గుండు పోవునని కొన్నవాడు తలచును. చుక్కకు గొట్టము సంగతి యేమి తెలియును? ఆ రెంటికిని పొత్తు కుదుర్చవలసినవాడు మనుష్యుడు. అది కుదుర్పకయే మైదానమునకు పోయి, గుండు తప్పినపుడెల్ల తుపాకిని తిట్టువారిని, మరియొక ఖరీదైన దర్శినిని కొనువారిని మేమెరుగుదుము.

కుదుర్చు పద్ధతి కష్టమైనది కాదు, కావలసినది ఓర్పు. ముందుగా దర్శిని తుపాకిపై కదలక బిగిసియుండవలెను. గుండు బరువును నిర్ణయించుకొని దానినే వాడవలెను. 0.20 గ్రాముల గుండుతో కుదిర్చిన గురి 0.28 గ్రాముల గుండుతో నిలువదు. పిమ్మట హాప్‌అప్. గొట్టము మొదట నున్న ఈ రబ్బరు గుండునకు వెనుకకు తిరుగు భ్రమణము నిచ్చును. ఆ భ్రమణమే గాలిలో గుండును కొంతదూరము నిలుపునది. ఒత్తిడి హెచ్చైనచో గుండు ఆకాశమునకు లేచును, తక్కువైనచో ముందుగనే నేలకు వాలును. చాలమంది దీనిని ముట్టకయే దర్శిని మరలను త్రిప్పుదురు. పునాది వంకరగ నుంచి గోడకు సున్నము వేయుట వంటిది ఆ పని.

గుండు సమముగ పోవుచున్నదని తేలిన తరువాత, గాలిలేని వేళ, తుపాకిని బల్లపై ఆనించి, ఇరువది యిరువదియైదు మీటర్ల దూరమున కాగితముమీద అయిదు గుండ్లు వేయవలెను. ఒక్క గుండును చూచి మర త్రిప్పరాదు. అయిదింటి నడిమిచోటు ఎక్కడనో చూచి, దానిని చుక్కకడకు తేవలెను. మరపై బాణపుగుర్తు చూపునది గుండు జరుగు దిక్కు. పిదప మరల అయిదు. కొన్ని దర్శినులలో ఒక్క క్లిక్కు 25 మీటర్ల దూరమున గుండును ఏడు మిల్లీమీటర్లు మాత్రమే జరుపును. గుండ్లే అరచేయంత మేర చెదరుచుండగా క్లిక్కుల వెంట పరుగిడుట వ్యర్థము. అపుడు గొట్టము తుడువవలెను, మంచి గుండ్లు తేవలెను. మరియు చుక్క గొట్టముకంటె ఐదారు సెంటీమీటర్ల ఎత్తున నుండును గనుక, మిక్కిలి దగ్గరి లక్ష్యమునందు గుండు చుక్కకు క్రిందుగ తగులును. అది దోషము కాదు.

ఇంత శ్రమ ఆటకొరకా యందురేమో. 2008 ఆగస్టు 11న బీజింగు నగరమున అభినవ్ బింద్రా పది మీటర్ల ఎయిర్ రైఫిల్ అంతిమపోటీకి సిద్ధమగుచుండెను. సరిచూచుకొనుటకు కాల్చిన మొదటి గుండు పదింటికి మారు నాలుగింటి వలయమున పడెను. దర్శిని స్థానము తప్పియుండెనని ఆయనయే పిమ్మట చెప్పెను. ఆ తుపాకిపై ఎర్రచుక్క లేదు. రంధ్రముగుండ చూచు దర్శిని మాత్రమే. కొద్దినిమిషములలో దానిని సరిదిద్దుకొని, కడపటి గుండును 10.8 వేసి, భారతీయుడొకడు ఒంటిగ గెలిచిన మొదటి ఒలింపిక్ స్వర్ణమును ఇంటికి తెచ్చెను. సరిచూచుకొను అలవాటే లేనివాడైనచో ఆ దినమేమి జరిగియుండునో పాఠకులే యూహింపవచ్చును.

ఇక అపాయపు మాట. జపానువారు 2006లో చట్టమును సవరించి ఈ తుపాకుల శక్తిని 0.98 జూలునకు పరిమితము చేసిరి. ఆ హద్దులోనే 0.20 గ్రాముల గుండు సెకనుకు ఇంచుమించు 99 మీటర్ల వేగముతో పోవును. చర్మముమీద ఎర్రని మచ్చతో పోవునది, కంటిని శాశ్వతముగ హరింపగలదు. గురి కుదుర్చునపుడు ప్రక్క నిలిచి చూచువారికిని కన్నద్దములు ఉండవలెను. తండ్రులు ఈ విషయమున మొగమోటము చూపరాదు.

వర్తకులను మేము కోరునది స్వల్పము. తుపాకి శక్తి యెంతయో, తగిన గుండు బరువెంతయో, గురి కుదుర్చు క్రమమెట్టిదో, కన్నద్దములు లేక ముట్టరాదనియు, తెలుగున ఒక చిన్నకాగితముపై అచ్చువేసి పెట్టెలో నుంచవలెను. అట్టి కాగితము నొకదానినైనను ఇంతవరకు మేము చూడలేదు.