స్పెక్ షీట్‌లో కనపడని ఫీచర్: రిపేర్ బల్ల మీది అనుభవం

కొత్త ఫోన్ లాంచ్ అయితే అందరం కెమెరా, ప్రాసెసర్ చూస్తాం. నేను మాత్రం ముందు ఛార్జింగ్ పోర్ట్ ఎలా బిగించారో చూస్తా. కాకినాడలో ఓ సర్వీస్ సెంటర్‌లో ఆరేళ్లు పనిచేసి, ఇప్పుడు మా పెద్దాపురంలో చిన్న రిపేర్ షాపు నడుపుతున్నాను మరి.

పోర్ట్ విడిగా సబ్‌బోర్డ్ మీద ఉంటే కాసేపట్లో మార్చేయొచ్చు, ఖర్చూ తక్కువే. మెయిన్ బోర్డుకే సోల్డర్ చేసి ఉంటే కస్టమర్ జేబు ఖాళీ. నేను పనిచేసినప్పుడు ఒక మోడల్‌కి ఇదే కంప్లైంట్ ప్రతి వారం వచ్చేది. ఫాల్ట్ కోడ్ కొట్టి జాబ్ క్లోజ్ చేయడమే మా పని. ఎందుకు పోతోందో రాయడానికి కాలమ్ లేదు, అడిగినవాళ్లూ లేరు. తర్వాతి మోడల్ కూడా అదే పోర్ట్‌తో దిగింది. మాకు తెలిసింది మా బల్ల దగ్గరే ఆగిపోయింది, బిల్లు మాత్రం జనం కట్టారు.

పనిలోంచి పుట్టిన ఇన్నోవేషన్ అంటే నాకు గుర్తొచ్చేది చింతకింది మల్లేశం గారు. చీరకి ఆసు పోయడానికి అమ్మ చెయ్యి దాదాపు 9 వేలసార్లు అటూ ఇటూ తిప్పడం, ఆ భుజం నొప్పి ఆయన రోజూ చూశారు. మెషిన్ చాలావరకు తయారయ్యాక ఒకచోట చిక్కుపడింది. హైదరాబాద్‌లో ఓ వర్క్‌షాప్‌లో పనికి వెళ్లినప్పుడు, అక్కడి మెషిన్ కదలిక చూశాకే ఆ చిక్కు వీడింది. 1999లో లక్ష్మీ ఆసు యంత్రం పూర్తయింది. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆసు పోసే కష్టం ఇంట్లో చూసినవాడికి తట్టిన ఐడియా అది.

"మాకు ల్యాబులున్నాయి, టెస్టింగ్ ఉంది" అంటాయి కంపెనీలు. నిజమే, నేనూ కాదనను. కానీ మా వైపు ఉప్పు గాలి, రైస్‌మిల్లు దుమ్ము రెండూ కలిసి రెండేళ్లలో పోర్ట్‌ని ఏం చేస్తాయో ముందు తెలిసేది మెకానిక్‌కే. 2022లో ఐఫోన్ 14ని, వెనక అద్దం పగిలితే లోపలి సామానంతా విప్పకుండానే మార్చేలా డిజైన్ చేశారు. యాడ్‌లో పెద్దగా మెరిసే ఫీచర్ కాదు, కానీ రిపేర్ బల్ల దగ్గర దాని విలువ తెలుస్తుంది.

కంపెనీలు చేయాల్సింది పెద్ద పనేం కాదు. జాబ్‌షీట్‌లో "ఎందుకు పోయింది" అని ఒక కాలమ్ పెట్టాలి. దాన్ని డిజైన్ టీమ్ చదవాలి. పనికొచ్చిన సలహాకి ఆ టెక్నీషియన్ పేరు చెప్పి, ఇన్సెంటివ్ ఇవ్వాలి. ఇప్పుడు ఇన్సెంటివ్ అంతా రోజుకి ఎన్ని జాబులు క్లోజ్ చేశామన్న లెక్క మీదే. అలాంటప్పుడు ఆగి ఆలోచించేదెవరు?

మీరు కూడా ఈసారి ఫోన్ కొనేముందు రివ్యూలతోపాటు మీ వీధి మెకానిక్‌ని ఒక్క మాట అడగండి. "ఏ మోడల్ మీ దగ్గరికి ఎక్కువ వస్తోంది?" అని. స్పెక్ షీట్‌లో దొరకని సమాధానం అక్కడ దొరుకుతుంది.