పరపతి బరువు

తెలుగులో అప్పుకూ గౌరవానికీ కలిపి ఒకటే మాట ఉంది. పరపతి. పరపతి సంఘం అప్పులిస్తుంది. పరపతి ఉన్న మనిషి మాట ఊళ్లో చెల్లుతుంది. నెలజీతం తీసుకునేవారికి ఈ రెండు అర్థాలూ వేర్వేరు. వ్యాపారికి మాత్రం రెండూ ఒకటే. బజారులో గౌరవం ఉన్నంతకాలమే అప్పు పుడుతుంది. అప్పు పుట్టినంతకాలమే గౌరవం నిలుస్తుంది. అందుకే చిక్కుల్లో పడ్డ వ్యాపారి మొట్టమొదట చేసే పని సాయం అడగడం కాదు, చిక్కుల్లో పడ్డ సంగతి దాచడం.

అది అహంకారమో, పిరికితనమో అనుకుంటే పొరపాటు. అది వ్యాపార లెక్క. విజయవాడ ఆటోనగర్‌లో లేత్ షెడ్డు యజమాని కావచ్చు, సిరిసిల్లలో నాలుగు మరమగ్గాలు నడిపే ఆసామి కావచ్చు, గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారి కావచ్చు. 'ఆయన చేతిలో డబ్బు ఆడటం లేదట' అన్న మాట టీ కొట్టు దగ్గర బయల్దేరిందంటే సాయంత్రానికల్లా సరుకు అరువు ఆగిపోతుంది. నూటికి రెండు రూపాయల వడ్డీకి ఇచ్చిన బంధువు నోటు తిరగరాయమనడు, బాకీ తీర్చేయమంటాడు. ఆరు నెలల్లో నెమ్మదిగా సర్దుకోగల నష్టం ఆరు రోజుల్లో దివాలాగా మారుతుంది. నోరు విప్పితే ఏమవుతుందో తెలిసిన మనిషి కనుక పొద్దున్నే వచ్చి నవ్వుతూ షట్టర్ తీస్తాడు. అగరొత్తులు వెలిగిస్తాడు. ఎవరింట్లో పెళ్లయినా ఎప్పటిలాగే చదివింపులు చదివిస్తాడు.

నటన ఖరీదు రాత్రిపూట తెలుస్తుంది. పడుకున్న గంటకే మెలకువ. సోమవారం ఏ చెక్కు బ్యాంకుకు వెళుతుంది, ఎవరి బాకీ తెచ్చి ఎవరికి సర్దాలి, వారం కూలీలకు ఎంత కావాలి అన్న లెక్కలు తెల్లవారే దాకా సాగుతాయి. చెక్కు చెల్లకపోతే చట్టప్రకారం రెండేళ్ల దాకా జైలు, లేదా చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. పగలు ఆ ఆందోళన కోపంగా బయటికొస్తుంది. గుమస్తా మీద అరుపు, పిల్లల మీద చిరాకు. ఛాతీలో మంటను గ్యాస్ ట్రబుల్ అనుకుంటారు. డాక్టర్ దగ్గరికి వెళ్లినా బీపీ మాత్రలు తెచ్చుకుంటారు తప్ప నిద్ర పట్టడం లేదని చెప్పరు. చెబితే 'ఎందుకు పట్టడం లేదు' అన్న ప్రశ్న వస్తుంది. జవాబు పరపతికి సంబంధించినది.

ఈ దాపరికం చిన్న కొట్లకే పరిమితం కాదని దేశానికి 2019 జులైలో తెలిసింది. చిక్కమగళూరు కాఫీ తోటల కుటుంబంలో పుట్టిన వి.జి.సిద్ధార్థ 1996లో బెంగళూరు బ్రిగేడ్ రోడ్డులో తొలి కేఫ్ కాఫీ డే తెరిచారు. ఫిల్టర్ కాఫీ దేశానికి కాపుచినో రుచి చూపించిన మనిషిగా పేరు పొందారు. 2015లో కంపెనీని స్టాక్ మార్కెట్‌కు తీసుకొచ్చారు. 2019 జులై 29న మంగళూరు సమీపంలో నేత్రావతి నది వంతెన దగ్గర కారు దిగి కనిపించకుండా పోయారు. రెండు రోజుల తర్వాత మృతదేహం దొరికింది.

బోర్డు సభ్యులనూ ఉద్యోగులనూ ఉద్దేశించి ఆయన రాసినట్టుగా ఒక లేఖ బయటపడింది. అప్పులిచ్చినవారు, ఒక ప్రైవేటు ఈక్విటీ భాగస్వామి తెచ్చిన ఒత్తిడి గురించి, ఆదాయపన్ను అధికారుల తీరు గురించి అందులో ఉంది. వేధించలేదని ఆదాయపన్ను శాఖ అంది. ఆ లేఖ మీదే సందేహం వ్యక్తం చేసింది. టీవీ చర్చలన్నీ తప్పెవరిదన్న దాని చుట్టూనే తిరిగాయి. అంతగా చర్చకు రాని సంగతి లేఖలోనే మరొకటుంది. తన లావాదేవీల గురించి ఆడిటర్లకూ సీనియర్ అధికారులకూ తెలియదని, కుటుంబంతో సహా అందరి దగ్గరా దాచానని అందులో ఉంది. వేలమందికి ఉద్యోగాలిచ్చిన మనిషికి ఆ లెక్క చెప్పుకోవడానికి ఒక్క మనిషి దొరకలేదన్నమాట.

దాచిన లెక్కల వల్ల వాటాదారులూ నష్టపోయారు. ఆయన సొంత సంస్థ ఒకటి గ్రూపు కంపెనీలకు 2,693 కోట్ల రూపాయలు బాకీ పడిందని 2020 జులైలో బయటికొచ్చిన విచారణ నివేదిక తేల్చింది. అది సమర్థించదగ్గ విషయం కాదు. కానీ ఆ తర్వాత జరిగింది కూడా చూడాలి. బెంగళూరులోని టెక్నాలజీ పార్కును అమ్మకానికి పెట్టారు. ఆయన భార్య మాళవికా హెగ్డే 2020 డిసెంబర్‌లో సీఈవోగా బాధ్యత తీసుకున్నారు. 2019 మార్చి నాటికి 7,000 కోట్లు దాటిన గ్రూపు అప్పు 2021 మార్చి నాటికి 2,000 కోట్లలోపుకు దిగింది. కష్టాలన్నీ తీరాయని కాదు. ఏ దారీ లేదనిపించిన చోట ఆస్తులమ్మే దారి ఉంది, పగ్గాలు అందుకునే మనిషీ ఇంట్లోనే ఉన్నారు. ఒంటరిగా లెక్క వేసుకునేవారికి ఇవి కనబడవు.

ఎంతమంది ఇలా ఒంటరిగా మిగులుతున్నారన్నది జాతీయ నేర నమోదు సంస్థ పట్టికల్లో కొంత తెలుస్తుంది. 2019లో ఆత్మహత్య చేసుకున్న వ్యాపారులు 9,052 మంది. లాక్‌డౌన్ వచ్చిన 2020లో 11,716 మంది. ఆ ఏడాది రైతులు, వ్యవసాయ కూలీలు కలిపి 10,677 మంది. 2021లో వ్యాపారుల సంఖ్య 12,055కు చేరింది. ఈ అంకెలు చనిపోయినవారి వృత్తిని చెబుతాయి తప్ప కారణాన్ని చెప్పవు. ఏ మరణానికైనా కారణం ఒక్కటే ఉండదు కూడా. అయితే 2018 నుంచి 2020 వరకు మూడేళ్లలో దివాలా లేదా అప్పుల కారణంగా 16,000 మందికి పైగా ప్రాణాలు తీసుకున్నారని 2022 ఫిబ్రవరిలో కేంద్రమే రాజ్యసభకు తెలిపింది.

రైతు కష్టంతో వ్యాపారి కష్టాన్ని పోటీ పెట్టడానికి కాదు ఈ పోలిక. రైతు ఆత్మహత్యల గురించి మాట్లాడటం తెలుగునాట ఎప్పుడో మొదలైంది. బాధిత కుటుంబాలకు పరిహారమిస్తూ 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 421 జీవో తెచ్చింది. వాన కురవలేదని, ధర రాలేదని రైతు చెప్పుకుంటే ఊరు అర్థం చేసుకుంటుంది. వ్యాపారి చెప్పుకుంటే 'ఐపీ పెడతాడేమో' అంటుంది.

ఈ 'ఐపీ' కథ ఆసక్తికరమైనది. ఇన్సాల్వెన్సీ పిటిషన్‌కు అది పొట్టి పేరు. అప్పు తీర్చలేని మనిషి కోర్టుకు వెళ్లి, ఉన్న ఆస్తిని అందరికీ పంచి, మిగతా భారం నుంచి బయటపడే వీలు 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం కల్పించింది. అంటే ఓడిపోయిన మనిషి మళ్లీ బతకడానికి పెట్టిన తలుపు. నూరేళ్లలో అది తెలుగునాట తిట్టుగా మారింది. ఊరి సొమ్ము మింగి రాత్రికి రాత్రి పారిపోయినవాడూ, నిజంగా నష్టపోయి కోర్టు మెట్లెక్కినవాడూ జనం నోట ఒకటే అయిపోయారు. మోసగాళ్లు ఆ దారిని వాడుకోవడమూ ఇందుకు కారణమే. ఫలితం మాత్రం నిజాయితీపరుడి మీద పడింది. తలుపు ఉన్నా దాటితే పరువు పోతుంది.

పెద్ద కంపెనీల సంగతి వేరు. 2016లో వచ్చిన దివాలా స్మృతి కింద కంపెనీల అప్పుల్లో బ్యాంకులు సగానికి పైగా వదులుకున్న ఉదంతాలు అనేకం. అదే స్మృతిలో వ్యక్తులకు సంబంధించిన భాగాన్ని 2019 డిసెంబర్ 1న అమల్లోకి తెచ్చింది కంపెనీ అప్పులకు వ్యక్తిగత హామీ ఉన్నవారి విషయంలోనే. సొంత పేరుతో కొట్టు నడిపే మనిషికి ఆ రోజు ఒరిగిందేమీ లేదు. పైగా అతని వ్యాపారానికీ ఇంటికీ మధ్య గోడ ఉండదు. ఓడీ ఖాతాకు తాకట్టు ఇల్లే. హామీ సంతకం భార్యదే. మొదట కరిగేది ఆమె ఒంటి మీది బంగారమే. అయినా అప్పు అసలు మొత్తం ఎంతో ఆమెకు చివరిదాకా తెలియదు.

చట్టాలు మాత్రం కష్టాన్ని ముందుగా చెప్పమంటాయి. 2016 మార్చిలో రిజర్వ్ బ్యాంక్ జారీ చేసిన ఉత్తర్వు ప్రకారం 25 కోట్ల రూపాయల దాకా రుణాలున్న చిన్న సంస్థలు, నష్టం ముదరక ముందే తామే బ్యాంకును ఆశ్రయించి వాయిదాల సవరణ కోరవచ్చు. చిన్న పరిశ్రమలకు కొనుగోలుదారులు 45 రోజుల్లోగా సొమ్ము చెల్లించాలని, ఆలస్యమైతే బ్యాంక్ రేటుకు మూడింతల చక్రవడ్డీ ఇవ్వాలని 2006 నాటి చట్టం చెబుతోంది. 2024 ఏప్రిల్ నుంచి ఈ గడువు దాటించిన కొనుగోలుదారుకు, సొమ్ము కట్టేదాకా ఆ ఖర్చు మీద పన్ను మినహాయింపు అందకుండా కూడా చేశారు. కానీ ఆర్డరిచ్చే పెద్ద కంపెనీ మీద ఫిర్యాదు చేస్తే మరో ఆర్డరు రాదని చిన్న యజమానికి తెలుసు. బ్యాంకు మేనేజర్‌తో మనసు విప్పితే ఉన్న లిమిటే తగ్గిస్తారేమోనన్న భయం. ముందుగా చెప్పమని చట్టం అంటుంది. ముందుగా చెప్పినవాడినే బజారు ముందుగా శిక్షిస్తుంది. మధ్యలో నలిగేది మనిషి మనసు.

కొత్త తరం స్టార్టప్‌ల మాట వేరనుకుంటారు. హైదరాబాద్‌లో టీ-హబ్ 2015లో మొదలైనప్పటి నుంచి ఓటమి కూడా అనుభవమేనన్న మాట తెలుగు కుర్రాళ్ల నోట వినబడుతోంది. మాట మంచిదే. అయితే వడ్డీ వ్యాపారి స్థానంలో ఇన్వెస్టర్ వచ్చినా దాచాల్సిన అవసరం అలాగే ఉంది. తదుపరి విడత పెట్టుబడి చేతికందేదాకా అంతా బ్రహ్మాండంగా ఉన్నట్టు కనిపించాలి. అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన మానసిక వైద్యుడు మైకేల్ ఫ్రీమన్ బృందం 2015లో 242 మంది వ్యాపారవేత్తలను ప్రశ్నిస్తే, జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు మానసిక సమస్య ఎదుర్కొన్నామని 49 శాతం మంది చెప్పారు. వ్యాపారమే జబ్బు తెచ్చిందని ఆ అధ్యయనం అనలేదు. జబ్బు అరుదైనది కాదని మాత్రం తేల్చింది.

మన దగ్గర వైద్యం దాకా వచ్చేవారు బహు తక్కువ. బెంగళూరులోని నిమ్హాన్స్ 2015-16లో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో, సమస్యను బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదని వెల్లడైంది. పరిస్థితి కొంత మారింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఆత్మహత్యా యత్నం చేసిన వ్యక్తిని తీవ్ర ఒత్తిడికి లోనైనవారిగా చూడాలంది. మానసిక వ్యాధులకూ బీమా వర్తింపజేయాలని 2018లో బీమా నియంత్రణ సంస్థ ఆదేశించింది. 2022 అక్టోబర్ 10న కేంద్రం ప్రారంభించిన టెలీ-మానస్‌కు 14416 నంబరుపై ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. తెలుగులోనే మాట్లాడవచ్చు. పేరు బజారుకెక్కుతుందన్న భయం అక్కర్లేదు. చనిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆ నంబరు తిప్పడానికి అంతకు మించిన కారణం అవసరం లేదు.

ఫోన్ అప్పు తీర్చదు. నిద్ర పట్టిన మనిషి మాత్రం అప్పు గురించి మెరుగ్గా ఆలోచిస్తాడు. కష్టాన్ని బజారంతటికీ చాటమని ఎవరూ అనరు. ఇంట్లో ఒకరికి, లెక్కలు తెలిసిన ఆడిటర్ ఒకరికి మొత్తం అంకె తెలిస్తే చాలు. ఏది అమ్మాలో, ఎవరిని గడువు అడగాలో, కొట్టు మూసేయడమే మేలైతే ఎప్పుడు మూయాలో ముగ్గురు కూర్చుంటే తేలుతుంది. ఇంట్లోవారికీ ఒక బాధ్యత ఉంది. మగపిల్లవాడి వ్యాపారం గురించి చుట్టాలు అడిగే మొదటి ప్రశ్న 'ఎంత మిగులుతోంది' అన్నదే. 'రాత్రిళ్లు నిద్ర పడుతోందా' అని కూడా అడగాలి.

పరపతికి ఉన్న రెండర్థాల్లో ఒకటి బ్యాంకు చేతిలో ఉంది. రెండోది ఊరి చేతిలో ఉంది. నష్టం వస్తే మొదటిది పోవడం సహజం. దానితోపాటు రెండోది కూడా లాక్కోవాలన్న రూలు ఎక్కడా లేదు. నిజాయితీగా నడిపి ఓడిపోయిన మనిషి మర్నాడు అదే బజారులో నలుగురి మధ్య నిలబడి టీ తాగగలిగితే, దాచుకునే అవసరం సగం తగ్గుతుంది.