పొలము – కుటుంబము: అప్పు లేని పందిరి



దేవరకొండ వైపు నుండి ఒక సహోదరి ఇలా వ్రాసింది: "అన్నయ్యగారూ, మాకు మూడెకరాల చెలక, ఒక బోరు ఉన్నవి. మా పెద్దబ్బాయి పాలీహౌస్ వేద్దామంటున్నాడు. భూమి కుదువబెట్టి అప్పు తెస్తానంటున్నాడు. వాళ్ళ నాన్న పోయాక ఆ భూమే మాకు దిక్కు. ఏం చేయమంటారు?"

ఇటువంటి ప్రశ్న మన నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో చాలా ఇండ్లలో ఉంది. కనుక ఈ నెల అందరికీ కలిపి జవాబు వ్రాస్తున్నాను.

సహోదరీ, మీ అబ్బాయి ఆశ చెడ్డది కాదు. అయితే హరితగృహం ఎందుకు పుట్టిందో ముందు తెలుసుకోవాలి. చలి దేశాల్లో ఎండ వేడిని లోపల పట్టి ఉంచడానికి అద్దాల ఇండ్లు కట్టారు. మన బాధ దానికి తిరుగుడు. వేసవిలో మనకు 42, 43 డిగ్రీలు మామూలే. ప్లాస్టిక్ కప్పు కింద గాలి ఆడకపోతే వేడి ఇంకా పెరుగుతుంది. పగటి వేడి 35 డిగ్రీలు దాటితే టమాట పూత నిలువదు. కనుక మనకు కావలసింది వేడిని పట్టే ఇల్లు కాదు, నీడనిచ్చే పందిరి.

ఖర్చు సంగతి చూడండి. ఎకరం పాలీహౌస్‌కు ముప్పై లక్షలు దాటుతుంది. సబ్సిడీ వచ్చినా మిగిలిన సొమ్ము మనదే. పైన వేసిన ప్లాస్టిక్ కాగితం మూడు నాలుగేండ్లకు మార్చాలి. ఏప్రిల్, మే నెలల్లో వడగండ్లతో వచ్చే గాలిదుమారం ఒక్క సాయంత్రంలో దానిని చింపివేయగలదు. కాగితం చినిగినా కిస్తీ ఆగదు. నీళ్ళు, కరెంటు, రోజూ సరుకు కొనే పట్నపు బేరం, ఈ మూడూ ఉన్నవారికే అది తగును. ఒక్క బోరు మీద ఆధారపడి భూమిని కుదువబెట్టవద్దని నా మనవి.

మరి చిన్న రైతుకు దారి లేదా? ఉంది. మన తెలంగాణలోనే పనిచేసే ఖేతీ అనే సంస్థ చిన్న రైతులకు సరిపోయే చిన్న హరితగృహాన్ని తయారుచేసింది. ఎండనూ పురుగునూ ఆపి, తక్కువ నీటితో పంట తీయడం దాని ఉద్దేశం. 2022 డిసెంబరులో ఆ సంస్థకు ఎర్త్‌షాట్ బహుమానం, పది లక్షల పౌండ్లు, దొరికింది. చిన్నదే మేలు అని లోకం కూడా ఒప్పుకున్నది.

మీరు ఒక గుంట, అంటే 121 గజాల, నీడవల పందిరితో మొదలుపెట్టండి. రాతి కడీలు లేక ఇనుప గొట్టాలు పాతి, పైన 50 శాతం నీడనిచ్చే ఆకుపచ్చ వల కట్టండి. 75 శాతం వల వద్దు. వెలుగు చాలక నారు సన్నగా సాగి పడిపోతుంది. చుట్టూ అంగుళానికి 40 కన్నులున్న తెల్ల నైలాను వల దింపి, అడుగు అంచును మట్టిలో పూడ్చండి. ఒకదాని వెనుక ఒకటిగా రెండు తలుపులు పెట్టండి. ఒకటి మూసిన తరువాతనే రెండవది తీయాలి. దుమారం వచ్చే సూచన కనబడితే పైవల విప్పి చుట్టుకోవచ్చు. పాలీహౌస్‌కు ఆ వీలు లేదు.

ఆకుముడత వైరసును మోసే తెల్లదోమ ఈ వలలో దూరలేదు. తామర పురుగు ఇంకా సన్నం, అది దూరుతుంది. 2021లో మన మిరప తోటలను పాడుచేసింది కొత్త రకం తామర పురుగే. దానికి నీలం జిగురు అట్టలు, తెల్లదోమకు పసుపు అట్టలు వ్రేలాడదీయండి.

ఈ గుంటలో 98 గుంతల ట్రేలలో కొబ్బరి పొట్టు నింపి నారు పెంచితే సుమారు మూడెకరాల మిరపకు సరిపోతుంది. మీకు మిగిలినది పొరుగువారికి అమ్మవచ్చు. నారుకుళ్ళు రాకుండా కిలో విత్తనానికి 5 గ్రాముల ట్రైకోడెర్మా విరిడి పట్టించండి. నీళ్ళు ఉదయమే పోయండి. కుళ్ళు కనిపిస్తే లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదళ్ళు తడపండి. టమాట నారు 25–30 రోజులకు, మిరప నారు 35–40 రోజులకు నాటుకు వస్తుంది. నాటడానికి వారం ముందు నీళ్ళు తగ్గించి, మెల్లగా ఎండకు అలవాటు చేయండి. నీడలోనే పెరిగిన మొక్క పొలంలో నిలువదు. బిడ్డల పెంపకమూ ఇంతే గదా!

ఒక హెచ్చరిక. ఈ వల పురుగుతోపాటు తేనెటీగను కూడా ఆపుతుంది. కనుక బీర, సొర వంటివి లోపల వేయవద్దు. వేస్తే పొద్దుగూకేవేళ మగపువ్వు తెంపి ఆడపువ్వుకు మీరే అద్దాలి.

యోనా కథ జ్ఞాపకమున్నదా? సొరచెట్టు నీడ చూచి అతడు ఎంతో సంతోషించాడు. తెల్లవారేసరికి ఒక పురుగు దానిని తొలిచింది. నీడ దేవుని దానమే, దానిని కాపాడుకోవడం మన పని. అయితే నీడ కోసం నేలనే పోగొట్టుకోకూడదు.

సహోదరీ, ఈ ఉత్తరం మీ అబ్బాయి చేత చదివించండి. అతనిని కోపపడవద్దు. ఒక్క గుంట అతని చేతికి ఇచ్చి, రెండు కార్లు లెక్క వ్రాయమనండి. అది లాభం చూపితే రెండవ గుంటకు ఆ సొమ్మే చాలును. సబ్సిడీ వివరాలకు మండల ఉద్యాన అధికారిని తల్లీ కొడుకులు కలిసి వెళ్ళి అడగండి. మీ భూమి మీ పేరనే నిలువాలని మా ప్రార్థన.