కొండ కాలితే ఏరు ఊరుకోదు

కొండపల్లి అనగానే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది బొమ్మ. దశావతారాలు, అంబారీ ఏనుగు, తాడెక్కే గీత కార్మికుడు, ఎద్దులబండి... వీటిలో ఒక్కటైనా లేకపోతే మనిళ్ళల్లో బొమ్మలకొలువు నిండదు. తర్వాత గుర్తొచ్చేది రెడ్డిరాజులు కట్టిన ఖిల్లా. మూడోది కూడా ఒకటుంది. దాన్ని మాత్రం ఎవరూ లెక్కలోకి తీసుకోరు. అది అడవి.

విజయవాడకి కూతవేటు దూరంలో సుమారు 30 వేల ఎకరాల రిజర్వు అడవి ఉందంటే ఊళ్ళోవాళ్ళే చాలామంది నమ్మరు. చిరుతలు, నక్కలు, అడవిపందులు ఇంకా అక్కడ తిరుగుతున్నాయి. బొమ్మకి కావలసిన తెల్లపొనికి పెరిగే కొండలూ అవే. అన్నిటికంటే ముఖ్యం, విజయవాడని ముంచే బుడమేరులోకి వాననీళ్ళు దిగేది ఆ చుట్టుపక్కల కొండల మీంచే. కాబట్టి కొండ మీద ఏం జరుగుతోందో సింగ్ నగర్ వాళ్ళకి కూడా పట్టాలి.

ఇంతకీ కొండ మీద ఏం జరుగుతోంది? ఏటా ఎండాకాలం నిప్పు అంటుకుంటోంది.

మనది ఆకురాల్చే అడవి. మాఘం దాటేసరికి చెట్లన్నీ బోడిగా నిలబడతాయి. కింద మోకాటిలోతు ఎండుగడ్డి, దాని మీద ఎండుటాకులు. ఫిబ్రవరి నుంచి తొలకరి దాకా అదంతా ఆరబెట్టిన పిడకల కుప్పలాంటిదే. అగ్గిపుల్ల ఒక్కటి చాలు.

ఆ పుల్ల గీసేది ఎవరు? చెట్టూ చెట్టూ రాసుకుని నిప్పు పుడుతుందని చిన్నప్పుడు కథల్లో విన్నాం. మన దేశంలో అడవి మంటల్లో అత్యధిక భాగం మనుషుల చేతి పనేనని అటవీశాఖ ఎన్నో ఏళ్ళుగా చెబుతోంది. ముదురు గడ్డి కాలిస్తే లేతగడ్డి లేస్తుందని పశువుల కాపరి అంటిస్తాడు. తునికాకు చిగురు బాగా వస్తుందని ఒకరు, ఇప్పపువ్వు ఏరుకోవడానికి చెట్టుకింద శుభ్రం చేద్దామని ఇంకొకరు, తేనెపట్టుకి పొగపెట్టి ఆర్పడం మరిచి మరొకరు. వీళ్ళందరినీ మించి, కొండ చూడ్డానికి వచ్చి కాల్చిన సిగరెట్టు గడ్డిలోకి విసిరేసే పట్నం మారాజు. నిప్పు పెట్టడం 1967 నాటి అటవీ చట్టం ప్రకారం నేరం. కానీ నిర్మానుష్యంగా ఉన్న కొండ మీద ఎవరు ఎవర్ని పట్టుకుంటారు?

అమెరికా, ఆస్ట్రేలియా మంటలు టీవీలో చూసి మనవి వాటి ముందెంత అనుకుంటాం. నిజమే, అక్కడ మంట చెట్ల తలల మీదుగా పరుగెత్తుతుంది. మనదగ్గర నేలబారున పాకుతుంది. పెద్దచెట్టు మొదలు కాస్త నల్లబడి, వానలకి మళ్ళీ చిగురిస్తుంది. దూరంనుంచి చూస్తే అడవి అడవిలాగే ఉంటుంది. మోసమంతా అక్కడే ఉంది. కాలిపోయేది చెట్టు కాదు, చెట్టు కింద రేపటి అడవి. మొలకలు, జానెడు మొక్కలు, గింజలు, పిట్టగూళ్ళు. ఏటా ఇలా జరుగుతుంటే ముసలి చెట్లు మిగులుతాయి గానీ పిల్లచెట్లు ఉండవు. పిల్లల్లేని ఊరు ఎన్నాళ్ళు నిలుస్తుంది? ఖాళీ అయిన చోటుకి లాంటానా వచ్చి కూర్చుంటుంది. అది ఎండితే మరుసటేడు మంటకి ఇంకా మంచి మేత.

మొక్కల సంగతి అలా ఉంచి నేల సంగతి చూడండి. రాలిన ఆకు కుళ్ళి మెత్తటి దుప్పటిలా పరుచుకుంటుంది. వాన చినుకు దాని మీద పడి, మెల్లగా ఇంకి, తీరిగ్గా వాగులోకి దిగుతుంది. ఆ దుప్పటి కాలిపోయాక చినుకు నేరుగా ఉత్త మట్టిని కొడుతుంది. ఇంకాల్సిన నీళ్ళు ఇంకకుండా, మట్టినీ బూడిదనీ గులకరాళ్ళనీ వెంటేసుకుని పల్లానికి పరుగెడతాయి. ఏప్రిల్లో కాలిన కొండ జూలైలో ఇలా బాకీ తీర్చుకుంటుంది.

ఆ పల్లంలో ఉన్నదే బుడమేరు. మైలవరం వైపు కొండల్లో పుట్టి, దారిలో పులివాగు లాంటి వాగుల్ని కలుపుకుని వెలగలేరు రెగ్యులేటరు దగ్గరికి వస్తుంది. అక్కడినుంచి డైవర్షన్ చానల్ ద్వారా నీళ్ళని ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలోకి మళ్ళిస్తారు. పట్టనివి పాతదారిన విజయవాడ అంచుల మీదుగా కొల్లేరుకి పోవాలి. 2005లో ఓసారి ఊరిని ముంచింది. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల కుండపోతకి ఏం చేసిందో విజయవాడలో చిన్నపిల్లలు కూడా చెబుతారు. డైవర్షన్ చానల్ కట్టకి మూడుచోట్ల గండ్లు పడ్డాయి. సింగ్ నగర్, పాయకాపురం, వాంబే కాలనీ రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. సైన్యం వచ్చి చేయి వేస్తే తప్ప గండ్లు పూడలేదు. ఇటు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులతో పోటెత్తుతుంటే బుడమేరు నీళ్ళు అందులో కలిసే దారి కూడా మూసుకుపోయింది.

అడవి పచ్చగా ఉంటే ఆ వరద వచ్చేది కాదని చెబితే అది అబద్ధమే. అంత వానని ఏ అడవీ ఆపలేదు. ఏటిని ఆక్రమించి కట్టిన ఇళ్ళ తప్పుని చెట్ల మీదికి నెట్టడమూ న్యాయం కాదు. కానీ ఏరు తన కడుపులో ఎన్ని నీళ్ళు పట్టించుకోగలదన్నది అందులో ఎంత మట్టి మేట వేసిందన్న దాన్ని బట్టే ఉంటుంది. కోట్లు పెట్టి కాలువలో పూడిక తీస్తాం. పైనుంచి మళ్ళీ మట్టి దిగుతూనే ఉంటుంది. కుండకి చిల్లు పూడ్చకుండా నీళ్ళు పోసినట్టే ఇదీ. మంటలకి తోడు గ్రావెల్ తవ్వకాలు. 2020 తర్వాత ఈ అడవిలో తవ్వకాల గొడవ జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళిన సంగతి తెలిసిందే.

ఇలాంటి పాఠమే అమెరికాలో డెన్వర్ నగరం నేర్చుకుంది. 1996 మే నెలలో ఆ ఊరికి నీళ్ళిచ్చే కొండల్లో అడవి తగలబడింది. జూలైలో పెద్దవాన పడింది. కాలిన కొండల మట్టీ, మొద్దులూ వచ్చి మంచినీళ్ళ జలాశయంలో పడ్డాయి. 2002లో అంతకంటే పెద్దమంట. పూడిక తీయడానికే కోట్ల డాలర్లయ్యాయి. చివరికి 2010లో నీటి సరఫరా సంస్థే అటవీశాఖతో చేతులు కలిపి, అడవిని కాపాడే పనికి తన డబ్బు పెట్టడం మొదలెట్టింది. జలాశయంలో మట్టి తోడేకన్నా కొండ మీదే మట్టిని ఆపడం చవకని వాళ్ళకి లెక్క తేలింది. వాళ్ళ అడవి వేరు, మన అడవి వేరు. అక్కడ చెట్లు పలచన చేస్తారు, ఇక్కడ నేలమంట ఆపితే చాలు. కానీ కింద నీళ్ళతో బతికేవాడు పైన అడవికి ఖర్చు పెట్టాలన్న సూత్రం మాత్రం ఎక్కడైనా ఒకటే.

మరి ఇక్కడ ఏం చెయ్యాలి? కొత్తగా కనిపెట్టాల్సింది ఏమీ లేదు. జనవరిలోనే గడ్డి కోసి, ఆకు ఊడ్చి, ఫైర్‌లైన్లు వెయ్యాలి. అంటే అడవి మధ్యలో కాలడానికి ఏమీ లేని ఖాళీ బాటలన్నమాట. మంట అక్కడిదాకా వచ్చి తినడానికి ఏమీ దొరక్క చచ్చిపోతుంది. ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా 2004 నుంచీ ఉపగ్రహం సాయంతో ఎక్కడ మంట లేచిందో కనిపెట్టి రాష్ట్రాలకి కబురు పంపుతోంది. ఇప్పుడా కబురు సెల్‌ఫోన్‌కే వస్తుంది. అయితే ఉపగ్రహం చెబుతుంది గానీ ఆర్పదు కదా! పచ్చికొమ్మ పట్టుకుని కొండెక్కి మంటని బాదాల్సింది మనిషే. ఆ మనిషి కొండకింది ఊరివాడే అయ్యుండాలి. ఎండాకాలం నాలుగు నెలలూ వాళ్ళకి కూలి గిట్టేలా చూడాలి.

ఉమ్మడి రాష్ట్రంలో 1992 నుంచి వన సంరక్షణ సమితులు వచ్చాయి. అడవి మీద వచ్చే ఫలంలో ఊరికి వాటా ఇస్తే ఊరే కాపలా కాస్తుందన్నది వాటి వెనకున్న ఆలోచన. గడ్డి కోసుకుపొమ్మని కాపరికి చెబితే ఆ గడ్డి కాల్చాల్సిన అవసరమే అతనికి ఉండదు. కాలడానికీ ఏమీ మిగలదు. 2000లో 'నీరు-మీరు' పేరుతో తవ్విన కందకాలు గుర్తున్నాయా? వాలుకి అడ్డంగా అలాంటి కందకాలు, వాగులకి రాతికట్టలు ఉంటే మట్టి కొండ మీదే ఆగుతుంది, చెమ్మ నిలుస్తుంది. చెమ్మ ఉన్నచోట మంట జోరూ తగ్గుతుంది.

అన్నట్టు, బొమ్మ సంగతి. తెల్లపొనికి కర్ర తేలిక, మెత్తన. ఉలికి ఎదురు చెప్పదు. దాన్ని ఆరబెట్టి, చెక్కి, రంపప్పొట్టులో చింతగింజల పిండి కలిపిన మక్కుతో ముక్కలు అతికి, రంగులద్దుతారు. ఈ బొమ్మలకి జీఐ గుర్తింపు కూడా వచ్చింది. పేరుకి చట్టం కాపలా ఉంది, కర్రకే లేదు. దాని గింజ పెంకు గట్టిది, ఓ పట్టాన మొలవదు. మొలిచిన నాలుగు మొక్కలూ ఎండాకాలం మంటకి పోతే కర్ర ఎక్కణ్ణుంచి వస్తుంది? నర్సరీల్లో పెంచి నాటిన మొక్కలకైనా అదే గతి. మొక్కలు నాటే రోజు ఫొటో దిగేవాళ్ళకి కొదవ లేదు. మూడు ఎండాకాలాలు వాటిని నిప్పునుంచి కాపాడేవాళ్ళే కావాలి.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అంటాం. మన విషయంలో కాలేది ఆ ఆకులే. బుడమేరు కట్టలకీ కాలువ వెడల్పుకీ పెట్టే డబ్బులో పిసరంత కొండపల్లి కొండల మీద, అదీ సంక్రాంతి వెళ్ళిన వారంలోనే ఖర్చు పెడితే చాలు. మార్చిలో పొగ చూశాక పరుగెత్తి లాభం లేదు. మీరు విజయవాడవాళ్ళయితే, ఈసారి ఓట్లకొచ్చిన నాయకుణ్ణి కట్ట ఎప్పుడు కడతావని అడిగే ముందు ఇంకోమాట అడగండి. 'కొండ మీద ఫైర్‌లైన్లు వేశారా?' అని.