నిమ్మకాయకి హీరో వేషమా?

ఎవరికి ఏ వేషం ఇవ్వాలో తెలియకపోతే ఎంత మంచి కథయినా బోర్లా పడుతుందని సినిమాలు చూసే మీకు వేరే చెప్పాలా? బి.పి. కథా అంతే!

మన రక్తనాళాల లోపలి గోడకి ఒక పల్చని పొర ఉంది. అది నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువుని తయారుచేస్తుంది. ఆ వాయువు తగిలితే నాళం వదులై రక్తం హాయిగా సాగుతుంది. ఈ గుట్టు విప్పిన ముగ్గురు అమెరికన్లకి 1998లో నోబెల్ బహుమతి వచ్చింది. బి.పి. ఉన్నవాళ్లలో ఆక్సిజన్ నుంచి పుట్టిన కొన్ని రౌడీ అణువులు ఆ వాయువుని మింగేస్తాయి. నాళం బిగుసుకుంటుంది. ఆ రౌడీల పని పట్టేవే యాంటీ ఆక్సిడెంట్లు. సి, ఇ విటమిన్లు ఆ కోవలోవే.

1998లోనే ఇటలీలో బి.పి. రోగుల చేతి ధమనిలోకి సూటిగా సి విటమిన్ ఎక్కిస్తే నాళాలు మెరుగ్గా వదులయ్యాయి. “అయితే బిళ్లలు కొని మింగితే పోలా?” అంటారేమో. ఆగండి, అసలు కథ ఇంటర్వెల్ తర్వాతే!

గుండెజబ్బు ప్రమాదం ఎక్కువగా ఉన్న 9 వేలమందికి పైగా మీద జరిగిన ‘హోప్’ పరిశోధన ఫలితాలు 2000లో వచ్చాయి. నాలుగున్నరేళ్లు ఇ విటమిన్ మింగినా గుండెపోట్లు, పక్షవాతాలు తగ్గలేదు. అదే పరిశోధనలో రామిప్రిల్ అనే బి.పి. మాత్ర వేసుకున్నవాళ్లకి తగ్గాయి!

ఇక మన నెల్లూరుకి రండి. నిమ్మకాయలంటే గూడూరు, పొదలకూరు. తీరానికొస్తే ఇసకపల్లి ఉప్పు మళ్లు. రెండూ జాడీలో కలిస్తే నిమ్మకాయ ఊరగాయ! నెలల తరబడి ఊరేసరికి సి విటమిన్ చాలామటుకు పోతుంది. ఉప్పు మాత్రం పోదు. ఉప్పుచేపల సంగతీ అంతే. ఉప్పు ఎక్కువైతే బి.పి. పెరగడమే కాదు, ఆ పల్చటి పొరా మొద్దుబారుతుంది. రోజు మొత్తానికి 5 గ్రాముల లోపే, అంటే చిన్న చెంచాడే ఉప్పు తినమంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ.

చేపల పులుసు మానమనడం లేదండీ! పచ్చి చేప తెచ్చుకోండి, ఉప్పు తగ్గించండి. నిమ్మకాయ పచ్చిదే పిండుకోండి. ఆకుకూరలు, పళ్లు బాగా తినండి. అంతేగానీ “నిమ్మరసం తాగుతున్నా గదా” అని నాయన బి.పి. మాత్ర మానేస్తే మాత్రం ఊరుకోకండి. బి.పి. నొప్పి చెప్పదు, పక్షవాతం కబురు పెట్టి రాదు. ఈ ఆదివారం మ్యాట్నీకి పోయేముందు నాయనకీ అమ్మకీ బి.పి. చూపించండి. 140/90 దాటుతుంటే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ఆ చేత్తోనే మీదీ చూపించుకోండి.

మాత్ర హీరో, నిమ్మకాయ హీరోగారి స్నేహితుడు, ఉప్పు విలన్. వేషాలు తారుమారు చేశారో, ఈ సినిమాకి రెండో ఆట ఉండదు!